జిమ్ కార్బెట్టు – పులుల చిత్రము

హిమాలయ పర్వతములు మైదానమునకు దిగివచ్చు చోట కుమాయూను అను సీమ కలదు. అందు నైనీతాలు కొండమీది పట్టణము. నడుమ ఒక సరస్సు, చుట్టును అడవులు నిండిన కొండలు. జిమ్ కార్బెట్టు 1875 వ సంవత్సరము జూలై 25 వ తేదీన ఆ పట్టణమున జన్మించెను. నరభక్షకములైన పులులను చంపిన వేటకాడుగా లోకము ఆయనను ఎరుగును. అదే పులులకు పట్టపగలు చలనచిత్రము తీయుటకై ఆయన పదేండ్లు పడిన పాట్లను అంతగా ఎరుగదు. ఈ కథలో ఆ పాట్లకే ఎక్కువ చోటు ఇయ్యబడినది.

జిమ్ తండ్రి క్రిస్టొఫర్ కార్బెట్టు నైనీతాలులో పోస్టుమాస్టరు. వారిది పెద్ద కుటుంబము. జిమ్ చిన్న బాలుడై యుండగానే తండ్రి మరణించెను. సంసారభారమంతయు తల్లి మేరీ జేనుపై పడెను. వేసవిలో వారు నైనీతాలులో నివసించి, చలికాలము రాగానే పదునైదు మైళ్ళ దిగువనున్న కాలాఢుంగీ అను పల్లెకు దిగివచ్చెడివారు. కాలాఢుంగీ ఇంటి వెనుకనే అడవి ఆరంభమగును. ఆ అడవియే జిమ్‌కు అసలైన పాఠశాల. ఏ పక్షి ఎప్పుడు కూయునో, జింక బెదరిన కూత ఎట్లుండునో, ఇసుకపై పడిన అడుగు ఏ జంతువుదో, అది ఎంతసేపటి క్రిందటిదో, ఇదంతయు ఆ బాలుడు అక్షరములు నేర్చినట్లే ఒక్కొక్కటిగా నేర్చుకొనెను. కున్వర్ సింగు అను ఒక దొంగవేటకాడు ఆయనకు గురువువంటివాడు. అతడు చట్టమునకు లొంగనివాడే కాని అడవి గుట్టు నెరిగినవాడు.

జిమ్ చేతికి మొదట వచ్చిన ఆయుధము పంగలకర్ర. స్టీఫెన్ డీజ్ అను పెద్దమనిషి అప్పుడు కుమాయూను పక్షులను గూర్చి ఒక గ్రంథము వ్రాయుచుండెను. ఆయన కోరికపై జిమ్ పంగలకర్రతో పక్షులను కొట్టి తెచ్చి ఇచ్చుచుండెను. ఇందుకు ప్రతిఫలముగా ఆయన జిమ్‌కు గొట్టములో మందు దట్టించి పేల్చెడి పాత జోడుతుపాకి నొకదానిని బహూకరించెను. దాని కుడి గొట్టము పగిలియుండెను; విరిగిన కర్రపిడిని ఇత్తడితీగతో చుట్టి నిలిపియుంచిరి. అయినను ఆ బాలునికి అది సామ్రాజ్యము దొరికినట్లే యుండెను. పక్షిని గూర్చి తెలిసికొనవలెనన్న ముందు దానిని చంపవలెనను పద్ధతి ఆ కాలమున ఎవరికిని వింతగా తోచలేదు. దూరముగా ఎగురుచున్న పక్షిని దగ్గరగా చూపగల కెమెరా ఇంకను లోకమునకు రాలేదు.

పదునెనిమిది ఏండ్ల వయసున జిమ్ చదువు చాలించి రైలు ఉద్యోగమున ప్రవేశించెను. కొంతకాలము ఇంధనపు కట్టెలను కొట్టించు పని చేసి, పిమ్మట గంగాతీరమునందలి మొకామా ఘాటులో ఒక రైలుమార్గమునుండి మరియొక మార్గమునకు సరకులను చేరవేయు కంట్రాక్టును చేపట్టెను. కూలీలతో కలిసి తానును బరువులు మోసి, ఇరువది యేండ్లకు పైగా అచ్చట పనిచేసెను. సెలవు దొరికినప్పుడు మాత్రము కుమాయూనుకు పోవుచుండెను.

ఆ సెలవులలోనే ఆయనకు కీర్తి వచ్చెను. చంపావతు ప్రాంతమున ఒక ఆడుపులి నేపాళమున 200 మందిని, కుమాయూనున 236 మందిని, మొత్తము 436 మందిని పొట్టన పెట్టుకొనియుండెను. దానిని 1907 లో కార్బెట్టు చంపెను. రుద్రప్రయాగ మార్గమున యాత్రికులను, పల్లీయులను ఎనిమిదేండ్లు గడగడలాడించి 125 మందిని తినివేసిన చిరుతపులి 1926 లో ఆయన చేతనే చచ్చెను. బహుమతి కొరకు వేటాడుచున్నాడన్న మాట రాకుండుటకై, ప్రభుత్వము ప్రకటించిన బహుమానములను ముందుగా రద్దు చేయవలెనని ఆయన కోరుచుండెను.

చంపావతు పులిని చంపిన పిమ్మట కార్బెట్టు దాని నోరు తెరచి చూచెను. కుడివైపున పై కోర సగము విరిగియుండెను. క్రింది కోర ఎముకవరకు ఊడిపోయియుండెను. ఎన్నడో ఎవడో కాల్చిన గుండు చేసిన పని అది. సహజమైన ఆహారమును వేటాడు శక్తి పోయి అది మనుష్యులకు మరగెను. ఇతర నరభక్షకముల విషయమునను ఆయనకు ఇట్టి కారణములే కానవచ్చెను: పాతగాయము, ముదిమి, ఒడలిలో విరిగిన ముళ్ళపంది ముళ్ళు. పులి పుట్టుకతో మనుష్యునికి శత్రువు కాదని, గురి తప్పిన తుపాకియే పలుమార్లు దానిని అట్లు చేయుచున్నదని ఆయన గ్రహించెను. తుపాకి పట్టినవానికి ఇది సుఖమైన ఎరుక కాదు.

ఆ దినములలో ఫ్రెడరిక్ వాల్టర్ ఛాంపియన్ అను అటవీ అధికారి ఆ సీమ అడవులలోనే పులులకు ఛాయాచిత్రములు తీయుచుండెను. ఆయన పద్ధతి విచిత్రమైనది. పులి నడచు బాటకు అడ్డముగా సన్నని తీగను కట్టి దానిని కెమెరాకు కలిపెడివాడు. రాత్రివేళ పులి వచ్చి తీగను తగులగానే మెరుపువంటి వెలుగు వెలిగి, పులి తన పటమును తానే తీసికొనెడిది. ఆయన గ్రంథము 1927 లో వెలువడెను. ఆ చిత్రములను చూచిన కార్బెట్టుకు తానును తుపాకిని ప్రక్కన పెట్టి కెమెరాను చేపట్టవలెనని కోరిక కలిగెను. 1928 లో లార్డ్ స్ట్రాత్‌కోనా అను మిత్రుడు ఆయనకు బెల్ అండ్ హోవెల్ సంస్థవారి 16 మిల్లీమీటర్ల చలనచిత్రపు కెమెరాను బహూకరించెను. ఛాంపియన్ రాత్రి తీసినది నిశ్చల చిత్రము. కార్బెట్టు కోరినది పగటి వెలుగున పులి నడచుట, కూర్చుండుట, ఆవులించుట. అనగా బ్రతికియున్న పులి.

ఇచ్చట కెమెరా కటకమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. 16 మిల్లీమీటర్ల కెమెరాలకు సాధారణముగా ఒక అంగుళము నాభ్యంతరముగల కటకమును బిగింతురు. నాభ్యంతరము పెరిగినకొలది ఫిల్ముపై పడు బొమ్మ పెద్దదగును. నాలుగంగుళముల కటకముతో చూచినచో 200 అడుగుల దూరమునందలి పులి 50 అడుగుల దూరమున నున్నంత పెద్దదిగా కానవచ్చును. ఇట్టి కటకమునే టెలిఫోటో కటకమందురు. ఇంత సులభమైన ఉపాయముండగా పులి దగ్గరకు పోవుట ఎందులకని ఎవరికైనను సందేహము కలుగును.

కాని ఈ కటకము ఊరక మేలు చేయునది కాదు. బొమ్మను నాలుగింతలు చేసినప్పుడు చేతి వణకును కూడ నాలుగింతలు చేయును; కావున కెమెరాను ముక్కాలిపీటపై నిలుపవలెను. పొడవైన కటకము తగినంత వెలుగును లోనికి తీసికొనవలెనన్న దాని అద్దము వెడల్పుగా ఉండవలెను. అద్దము వెడల్పైనచో బరువును వెలయును పెరుగును. అద్దము చిన్నదైనచో చీకటి అడవిలో బొమ్మ మసకబారును. పులి మెలకువతో తిరుగునది ఉదయ సాయంకాలముల గ్రుడ్డివెలుగులోనే కదా! మరియు పొడవు కటకముతో స్పష్టముగా కానవచ్చు మేర బహు కొద్దిది. కన్నుపై నిలిపినచో తోక చెదరును. అన్నింటికంటె పెద్ద చిక్కు గడ్డి. కెమెరాకును పులికిని నడుమ ఒక్క గడ్డిపోచ అడ్డమున్నచో ఏ కటకమును దానిని తొలగింపలేదు.

పక్షుల విషయమున చిక్కు మరియొక తీరుగా నుండును. పక్షి చిన్నది, ఊరక ఉండదు, మనుష్యుని చూడగానే ఎగిరిపోవును. కావున పక్షులను చిత్రించువారికి పొడవు కటకము లేనిదే గడవదు. మంచి కటకములు లేని కాలమున ఇంగ్లండునందు రిచర్డ్, చెర్రీ కియర్టన్ అను సోదరులు 1900 ప్రాంతమున బోలుగా చేసిన ఎద్దుబొమ్మలో దాగి పక్షుల చిత్రములు తీసిరి. ఈనాడు 400, 500, 600 మిల్లీమీటర్ల కటకములు అంగళ్ళలో దొరకుచున్నవి. అయినను ఎన్నుకొనువారు వేసికొనవలసిన ప్రశ్నలు పాతవే: ఆ ప్రాణి మనలను ఎంత దగ్గరకు రానిచ్చును? ఆ వేళకు వెలుగు ఎంత? ఆ బరువును ఎంత దూరము మోయగలము? ఈ మూడింటికి జవాబు తెలియక పెద్ద కటకమును కొన్నవారు దానిని ఇంటిలోని బీరువాలో దాచుకొనుట కలదు.

కార్బెట్టు మొదటి పదేండ్లును ఈ ప్రశ్నలతోనే గడచెను. వందల మైళ్ళ అడవి గాలించెను. తిండివద్ద నున్న పులులు కోపించి ఆయనను తరిమెను; పిల్లలున్న ఆడుపులులు దరి రానీయక గద్దించెను. ఈ కాలమున ఆయన కంట పులి పడినది ఇంచుమించు రెండు వందల పర్యాయములు. ఒక్కటియు తృప్తి కలిగించు చిత్రము రాలేదు. ఒకమారు వెలుగు ఎక్కువయ్యెను, ఒకమారు తక్కువయ్యెను. ఒకమారు ఆకులో గడ్డియో అడ్డుపడెను. కటకముపై సాలెగూడు అంటుకొని చెడినదియు కలదు. ఇంకొకసారి ఫిల్మును కడుగుచుండగా దానిమీది పూత కరగిపోయెను. రెండు వందల పులులలో ఒక్కటియైనను తుపాకి ముందు నిలిచినచో దాని గతి యేమగునో ఊహించుట కష్టము కాదు. గుండు తగులుటకు గడ్డిపోచ అడ్డము కాదు. వెలుగు చాలకున్నను గుండు పనిచేయును. కెమెరా పట్టినవానికి మాత్రము అన్నియు కూడిరావలెను.

పై చిక్కులకు తోడు కెమెరా చప్పుడొకటి. ఆ కాలపు కెమెరాలు గడియారమువలె స్ప్రింగుతో నడచెడివి. మీట నొక్కగానే లోపలి చక్రములు గిరగిర తిరుగుచు శబ్దము చేయును. అడవి నిశ్శబ్దములో ఆ ధ్వని పులి చెవికి దాగదు. దూరమునుండి తీసినచో చప్పుడు వినబడదు, కాని గడ్డియు మసకయు అడ్డమగును. దగ్గరనుండి తీసినచో బొమ్మ చక్కగా వచ్చును, కాని చప్పుడునకు పులి పారిపోవును, లేదా మీదికి వచ్చును.

1938 లో కార్బెట్టు ఒక నిశ్చయమునకు వచ్చెను. చలికాలమంతయు ఈ ఒక్క పనికే వినియోగింపదలచెను. ఎక్కడనో పులి కనబడినప్పుడు చిత్రము తీయుదమనుకొనుట వ్యర్థమని పదేండ్ల అనుభవము చెప్పెను. కావున ముందుగా చోటును ఎన్నుకొని, పులినే అచ్చటికి రప్పింపవలెను. ఏబది గజముల వెడల్పుగల ఒక బయలువాగును ఆయన చూచెను. నడుమ సన్నని సెలయేరు. ఇరువైపుల దట్టమైన చెట్లు, పొదలు. బయలగుటచేత వెలుగునకు లోటు లేదు, గడ్డి అడ్డము లేదు. ఇక చప్పుడు మాట. ఆయన సెలయేటికి అక్కడక్కడ చిన్న చిన్న అడ్డుకట్టలు వేసెను. వాటిమీదుగా నీరు కొన్ని అంగుళముల ఎత్తునుండి జలజల పడుచుండెను. ఆ చిట్టి జలపాతముల ధ్వనిలో కెమెరా ధ్వని కలిసిపోయెను. చక్రములను మార్చలేదు, పెట్టెను మార్చలేదు, నీటిని మాట్లాడించెను. ఈ ఉపాయము ఏ గ్రంథమునందును చదివి తెలిసికొనినది కాదు.

తరువాత పులులను వెదకెను. దూరదూరముగానున్న మూడు తావులలో ఏడు పులుల జాడ కనిపెట్టెను. వాటిని దినమునకు కొన్ని గజముల చొప్పున ఆ వాగువైపునకు మరలించుట ఆరంభించెను. ఆ అడవిలో వేటకాండ్ర రాకపోకలు మెండు. ఒక్క పులి ఒక్కని కంటబడినను అన్ని దినముల శ్రమయు ఒక్క తుపాకి దెబ్బతో ముగియును. అందుచేత ఆ పులులను ఇతరుల కంటబడకుండ దాచుకొనుచు తీసికొనిరావలసివచ్చెను. జీవితమంతయు పులుల జాడ తీసిన వేటకాడు ఇప్పుడు వేటకాండ్రనుండి పులులను దాచుచుండెను! ఎన్నో ఆటంకములకు పిమ్మట ఏడును వాగు చేరెను. అందొక ఆడుపులి మరునాడే ఎందుకో వెడలిపోయెను. అంతకుముందే దాని చిత్రము ఆయన ఫిల్ముపై పడెను. తక్కిన ఆరును అచ్చటనే మెలగెను.

పట్టపగలు ఆరు పులుల చెంతకు కొన్ని అడుగుల దూరమువరకు ప్రాకిపోవుట ఎవరి తరమును కాదు. అందుచేత కార్బెట్టు తెల్లవారకముందే, చీకటి విడిచియు విడువని వేళ, వాగులోనికి పోయెడివాడు. చలికాలపు మంచు రాత్రియెల్ల కురిసి ఎండుటాకులను తడిపియుంచును. తడిసిన ఆకు అడుగు క్రింద చప్పుడు చేయదు. సెలయేటి యొడ్డున కదలక మెదలక పడుకొని, వెలుగు వచ్చువరకు వేచియుండి, అనువు దొరకినప్పుడు మీట నొక్కెడివాడు. అప్పటికాయనకు అరువది యేండ్లు దాటినవి. నాలుగున్నర మాసములు ఈ విధముగా గడచెను. ఆ కాలమంతటిలో ఆ పులులలో ఒక్కటియు ఆయనను చూడలేదు.

ఆ సంవత్సరము చలికాలమున వానలు మిక్కుటముగా కురిసెను. కటకముపై చెమ్మ పట్టెను. తొందరపాటున ఫిల్మును సరిగా ఎక్కింపకపోవుటచేత అది లోపల చిక్కుపడెను. కొన్నిచోట్ల వెలుగు చాలలేదు. ఆరు పులులపై వాడిన వేయి అడుగుల ఫిల్ములో కొన్ని వందల అడుగులు పాడై, సుమారు 600 అడుగులు దక్కెను. అందు నాలుగు మగపులులు, రెండు ఆడుపులులు కలవు. మగవానిలో రెండు పది అడుగులకు మించినవి; ఆడువానిలో ఒకటి తెల్లపులి. అన్నియు పగటి వెలుగులో, పది అడుగులు మొదలు అరువది అడుగుల దూరమునుండి తీసినవి.

ఒక చిన్న లెక్క చూడుడు. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 40 బొమ్మలుండును. 600 అడుగులకు 24,000 బొమ్మలు. ఆ కాలపు మూకచిత్రముల పరిపాటి చొప్పున సెకనుకు 16 బొమ్మలు కదలించినచో ఆ ఫిల్ము 25 నిముషములలో ముగియును. పదేండ్ల తిరుగుడు, నాలుగున్నర మాసముల మాటు కలిసి ఇరువదియైదు నిముషములు!

కెమెరా పట్టిననాడే కార్బెట్టు తుపాకిని పారవైచెనని తలపరాదు. కెమెరా చేతికి వచ్చిన రెండేండ్లకు, 1930 లో, పవల్‌గఢ్ అడవిలోని సుప్రసిద్ధమైన మగపులిని ఆయన చంపెను. అది ఎవరికిని కీడు చేసినది కాదు. పది అడుగుల ఏడు అంగుళముల పొడవుగల అందమైన జంతువు, అంతే. అట్టి పులికై ఎందరో వేటకాండ్రు పదేండ్లు తిరిగియుండిరి. దానిని విడిచిపెట్టియున్నచో ఆయన కీర్తికి లోటు వచ్చెడిది కాదని మనకు తోచును. ఆయన మనస్సు ఒక్క దినములో మారలేదు. ఏడు పులులను తన వాగునకు రప్పించుకొనిన 1938 వ సంవత్సరమందే, నవంబరు మాసాంతమున, తక్ అను పల్లెవద్ద నరభక్షకమైన ఆడుపులిని చీకటి పడుచుండగా కాల్చెను. పల్లెజనులు ఊరు విడిచి పోయిన కష్టకాలమున అది చేయక తప్పనిదియే. మనుష్యుల ప్రాణములకొరకు ఒక చేత తుపాకి, పులుల కొరకు ఒక చేత కెమెరా, ఈ రెండింటి నడుమ ఆయన ఉత్తరవయస్సు గడచెను.

తన చిత్రములను ఆయన ప్రజలకు చూపుచు, అడవులను కాపాడవలెనని బోధించుచుండెను. భారతదేశమున మొట్టమొదటి జాతీయ వనము 1936 లో కుమాయూను పాదములయందు హెయిలీ గవర్నరు పేరున ఏర్పడెను. అందుకై పాటుపడినవారిలో కార్బెట్టు ఒకడు. 1944 లో వెలువడిన మేనీటర్స్ ఆఫ్ కుమాయూన్ అను గ్రంథము ఆయన పేరును దేశదేశములకు కొనిపోయెను. పులుల చిత్రము తీసిన వృత్తాంతము ఆ గ్రంథపు చివరి అధ్యాయముననే కలదు. 1947 లో ఆయన తన సోదరి మాగీతో కూడ కెన్యా దేశమునకు పోయి న్యేరి పట్టణమున నివసించెను. అచ్చటను కెమెరాను విడువలేదు. 1955 ఏప్రిల్ 19 వ తేదీన న్యేరిలోనే మరణించెను.

హెయిలీ పేరున ఏర్పడిన ఆ వనమునకు ఆయన మరణానంతరము కార్బెట్టు జాతీయ వనమని పేరు పెట్టిరి. 1973 ఏప్రిల్ 1 వ తేదీన భారతప్రభుత్వము పులుల సంరక్షణ పథకమును అచ్చటనే ప్రారంభించెను. పది సంవత్సరములకు, 1983 లో, మన నల్లమలలోని నాగార్జునసాగరము–శ్రీశైలము అభయారణ్యము ఆ పథకమున చేరెను. నేడు నల్లమలలో పులులను లెక్కించుటకు బాటల కిరువైపుల చెట్లకు కెమెరాలను కట్టుచున్నారు. పులి నడచిపోవునప్పుడు దాని రెండు ప్రక్కల బొమ్మలును పడును. ఒక పులి చారలు మరియొక పులికి ఉండవు గనుక, ఆ చారలనుబట్టి ఏది ఏ పులియో అటవీశాఖవారు గుర్తింతురు. ఆ కెమెరాలకు పొడవైన కటకము లేదు. పులి తానే వానివద్దకు నడచివచ్చును. అది ఏ దారిన వచ్చునో ముందుగా ఎరిగినవారే వానిని కట్టవలెను.